ఇంట్లో కట్టిన వాల్వు యాంప్ మొరాయిస్తే
(హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవాళ్లు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం, అక్షరరూపంలో)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీదున్న ఈ పెట్టెను, గిటార్ శబ్దాన్ని పెంచే ఈ యాంప్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోకండి. ప్లగ్గు పీకే ఉంది గానీ, లోపల చార్జి దాచుకునే కెపాసిటర్ల సంగతి నేనింకా చూడలేదు.

వాల్వు అంటే ట్రాన్సిస్టర్ రాకముందు ఆ పని చేసిన గాజు బుడ్డి, ఆ పేరు అనగానే మనకు రేడియో గుర్తొస్తుంది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోలు బాగుచేసే మెకానిక్కులు ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాల్వులు తయారుచేసేవాళ్లు. ఆ మెకానిక్కుల పనితనం గొప్పది, దాంట్లో సందేహం లేదు. కానీ వాళ్ల పద్ధతిని తెచ్చి కొత్తగా కట్టిన యాంప్ మీద పెడితే పని జరగదు. ఎందుకంటారా? పదేళ్లు పాడిన రేడియో ఒకరోజు నోరు మూసుకుందంటే, లోపల ఏదో ఒక వస్తువు పోయిందని అర్థం. వైరింగు సరిగ్గానే ఉంటుంది, ఫ్యాక్టరీలో చేసి, పరీక్షించి పంపారు. పోయిన వస్తువేదో కనిపెట్టి మార్చితే సరిపోతుంది. మనం ఇంట్లో కూర్చుని కట్టినది ఇంతవరకూ ఒక్కసారి కూడా పనిచెయ్యలేదు. వస్తువులన్నీ కొత్తవి. కాబట్టి మొదటి అనుమానం వస్తువుల మీద కాదు, మన చేతిపని మీద రావాలి. ఇంకో తేడా కూడా ఉంది. రేడియోకు మామూలుగా ఒకటే జబ్బు. కొత్త యాంప్‌లో ఒకేసారి రెండు మూడు తప్పులుంటాయి, ఒకటి ఇంకోదాన్ని కప్పిపెడుతుంది. ఈ మాట చెప్పడానికే వచ్చాను, మిగతాదంతా దాని వివరమే.

ఇప్పుడీ పెట్టె. ఇది ఫెండర్ చాంప్ సర్క్యూట్, 5ఎఫ్1 అంటారు. 1950ల రెండో సగంలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారైన చిన్న యాంప్. లియో ఫెండర్ గిటార్లకు రాకముందు రేడియోలు బాగుచేసే షాపు నడిపిన మనిషి. దీని బొమ్మ చూస్తే అది తెలిసిపోతుంది, రేడియోలో చివరి భాగం లాగే ఉంటుంది. మూడే వాల్వులు. ముందు 12ఏఎక్స్7, ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు, అంటే సిగ్నలుని పెంచే రెండు చిన్న వాల్వులు. తర్వాత పవర్ వాల్వు 6వీ6. ఏసీని డీసీ చెయ్యడానికి 5వై3. వచ్చేది దాదాపు 5 వాట్లు. 5 వాట్లే కదా అనుకోకండి, అపార్ట్‌మెంటులో పూర్తిగా తిప్పితే కింద ఫ్లాటు వాళ్లు పైకొస్తారు. చాలామంది మొదటిసారి కట్టేది దీన్నే. అందుకే దీన్ని తెచ్చాను.

ముందు ప్రాణం సంగతి. దీనిలో సుమారు 350 వోల్టుల డీసీ ఉంటుంది. ఒరిజినల్ డ్రాయింగులో డీసీని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు 16, 8, 8 మైక్రోఫారడ్లు, కలిపితే 32. ప్లగ్గు పీకినా ఆ చార్జి అలాగే ఉండొచ్చు. ముఖ్యంగా వాల్వులు పీకి చూస్తున్నప్పుడు. వాల్వు ఉంటే కరెంటు లాగి ఖాళీ చేస్తుంది. వాల్వులు లేకపోతే ఎవరు ఖాళీ చేస్తారు? గంటల తర్వాత చెయ్యి పెట్టినా కొడుతుంది. కాబట్టి 10 కిలో ఓంల, 5 వాట్ల రెసిస్టరుకు రెండు వైపులా మొసలి క్లిప్పులు తగిలించి పెట్టుకోండి. ఒకటి ఛాసిస్‌కి, అంటే యాంప్ లోహపు చట్రానికి, ఒకటి కెపాసిటర్ ప్లస్‌కి. కొన్ని సెకన్లు ఉంచండి, ఆ తర్వాత మీటరుతో చూడండి. క్లిప్పు తీసేశాక కెపాసిటర్లో మళ్లీ కొద్ది వోల్టులు పుట్టుకొస్తాయి, అది కెపాసిటర్ల స్వభావం, కంగారు పడొద్దు. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో టప్పున షార్ట్ చేయడం మీరు చూసే ఉంటారు. చెయ్యకండి. స్క్రూడ్రైవరు మొన కరుగుతుంది, కెపాసిటర్ దెబ్బతింటుంది, మన గుండె కూడా ఒక దెబ్బ కొట్టుకుంటుంది. నేనైతే 220 కిలో ఓంలు, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి మొదటి కెపాసిటర్‌కి అడ్డంగా శాశ్వతంగా పెట్టేస్తాను. అరనిమిషంలో తనంతట తనే దాదాపు ఖాళీ అయిపోతుంది. అయినా మీటరు పెట్టకుండా చెయ్యి పెట్టను.

కరెంటు మీద కొలిచేటప్పుడు నల్ల ప్రోబును క్లిప్పుతో ఛాసిస్‌కి తగిలించేయండి. ఎర్ర ప్రోబు కుడిచేతిలో. ఎడమ చెయ్యి జేబులో. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఛాతీ మీదుగా పోతుంది.

ఎర్త్ విషయం. ఆ కాలపు అమెరికా డ్రాయింగుల్లో రెండు వైర్ల కార్డే ఉంటుంది, దాన్ని మాత్రం కాపీ కొట్టకండి. మూడు వైర్లు, ఎర్త్ నేరుగా ఛాసిస్‌కి బోల్టు వేసి బిగించాలి. మన ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన లోపల ఎర్త్ ఉందని కాదు. మీటరు పెట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి, 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే పరవాలేదు. ఫేజు, ఎర్త్ మధ్య 90, 110 అని తేలుతూ చూపిస్తే అక్కడ ఎర్త్ లేదన్నమాటే. గిటార్ తీగలు ఈ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి, తీగల మీద మీ చెయ్యి ఉంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, యాంప్ సంగతి తర్వాత.

ఇక మొదటిసారి స్విచ్ వేయడం. నేరుగా గోడకు పెట్టొద్దు. మన మెకానిక్కుల దగ్గరుండే సిరీస్ బోర్డు చాలా గొప్ప పరికరం. బల్బు ఒకటి, సాకెట్ ఒకటి, రెండూ సిరీస్‌లో. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. వాల్వులన్నీ పీకేసి స్విచ్ వేస్తే బల్బు వెలగకూడదు, లేదా ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. ధగధగా వెలుగుతూనే ఉందంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే షార్ట్ ఉంది. అక్కడే ఆగి వెతకండి. బల్బు వెలిగింది, ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. ఫ్యూజు కూడా మర్చిపోవద్దు. అమెరికా డ్రాయింగులో రాసిన ఫ్యూజు విలువ 120 వోల్టులకు, మనకు దాదాపు సగం చాలు.

వాల్వులు లేకుండానే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఏసీని సాకెట్ల దగ్గర చూసుకోండి. 12ఏఎక్స్7 సాకెట్లో 4, 5 కలిపి ఒకవైపు, 9 ఇంకోవైపు, వాటి మధ్య వాల్వుని వేడిచేసే హీటరుకి 6.3 వోల్టులు. 6వీ6లో 2, 7 మధ్య 6.3. 5వై3లో 2, 8 మధ్య 5 వోల్టులు. ఇక్కడే సగంమంది దొరికిపోతారు. సాకెట్‌ని కిందనుంచి, అంటే మనం సోల్డర్ చేసే వైపునుంచి చూస్తూ, గాడి పక్కనుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టాలి. పైనుంచి చూసి లెక్కపెట్టారా, అన్నీ తారుమారు. 6వీ6లో 3 ప్లేటు, 4 స్క్రీను, 5 గ్రిడ్డు, 8 కాథోడు. వేడెక్కిన కాథోడు ఎలక్ట్రాన్లను వదులుతుంది, ప్లేటు అందుకుంటుంది, మధ్యలో సిగ్నలు వచ్చే గ్రిడ్డు వాటిని అదుపు చేస్తుంది, స్క్రీను వాటిని ప్లేటు వైపు లాగుతుంది. తిరగేసి లెక్కపెడితే 8 స్థానంలో 1 వస్తుంది, 3 స్థానంలో 6 వస్తుంది. వైర్లన్నీ ముచ్చటగా, అందంగా, తప్పుడు చోట ఉంటాయి. ఇలాంటి యాంప్‌కి ఎన్ని కొత్త వాల్వులు మార్చినా ఏం లాభం?

ఇప్పుడు వాల్వులు పెట్టి, స్పీకర్ తగిలించి, స్విచ్ వేద్దాం. స్పీకర్ లేకుండా వాల్వు యాంప్‌ని ఎప్పుడూ నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లో వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్ పగిలిపోతుంది. ట్రాన్సిస్టర్ యాంప్‌కి అలవాటు పడ్డవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

శబ్దం వచ్చినా రాకపోయినా, ముందు ఒక కాగితం తీసుకుని వోల్టేజిలు రాయండి. ఈ కాగితం లేకుండా ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, యాంప్ పలకట్లేదు, ఏం మార్చాలి?" అంటే నేను జవాబివ్వను. 5వై3 పిన్ 8 దగ్గర 330 నుంచి 360 దాకా. 6వీ6 ప్లేటు అంతకంటే కొద్దిగా తక్కువ. స్క్రీను మరికొంత తక్కువ, మధ్యలో 10 కిలో ఓంల రెసిస్టర్ ఉంది కదా. దాని తర్వాత 22 కిలో ఓంలు దాటి 12ఏఎక్స్7కి వెళ్లే సరఫరా సుమారు 250. ప్లేట్లు 150 చుట్టుపక్కల. కాథోడ్లు ఒకటిన్నర వోల్టు. 6వీ6 కాథోడ్ 19 దాకా. అంకెలు పది శాతం అటూ ఇటూ పోతే పట్టించుకోవద్దు.

ఈ అంకెలు చదవడం రావాలి. 12ఏఎక్స్7లో ఒక సగం తీసుకోండి. కాథోడ్ కింద 1.5 కిలో ఓంలు, దాని మీద ఒకటిన్నర వోల్టు, అంటే 1 మిల్లీయాంపు. అదే కరెంటు ప్లేటు దగ్గరున్న 100 కిలో ఓంల గుండా పోతోంది కాబట్టి అక్కడ 100 వోల్టులు పడిపోవాలి. 250లో 100 పోతే 150. లెక్క సరిపోయింది. ఇప్పుడు ప్లేటు దగ్గర 150కి బదులు 250 ఉందనుకోండి. వోల్టేజి ఎక్కువుందని సంబరపడకండి, వాల్వు అసలు కరెంటే లాగడం లేదన్నమాట. హీటరు వెలుగుతోందా, కాథోడ్ దారి కిందకి కలిసిందా చూడండి. ప్లేటు దగ్గర 40 ఉందా? కరెంటు మరీ ఎక్కువ పోతోంది. కాథోడ్ భూమికి షార్టయిందేమో, గ్రిడ్డు మీదకు పాజిటివ్ వోల్టేజి ఎక్కిందేమో. ఓం సూత్రం బడిలో చదివాం, దాన్ని ఇంత సూటిగా వాడుకునే చోటు నాకు ఇంకోటి కనబడలేదు.

తప్పులు ఒకదాన్నొకటి కప్పిపెడతాయన్నాను. చూపిస్తాను. ఒక కుర్రాడు ఈ సర్క్యూటే కట్టి తెచ్చాడు. వోల్టేజిలన్నీ బాగున్నాయి, శబ్దం మాత్రం రాదు. 12ఏఎక్స్7 రెండో ప్లేటు నుంచి 6వీ6 గ్రిడ్డుకి వెళ్లే 0.02 మైక్రోఫారడ్ కెపాసిటర్ కాలు ఒకటి పైకి సోల్డర్ అయినట్టే కనబడుతోంది గానీ లోపల పట్టలేదు. మళ్లీ వేడిచేసి అతికించాడు. స్విచ్ వేశాడు. కీచుమని ఒకటే అరుపు! చెవులు మూసుకోవాల్సిందే. వాల్యూము తగ్గించినా ఆగదు. అతనేమన్నాడో తెలుసా? "సార్, నేను చేసింది తప్పు, ముందే నయం," అని ఆ కెపాసిటర్ని పీకబోయాడు. పట్టుకుని ఆపాను.

ఏం జరిగిందంటే, ఈ సర్క్యూట్‌లో స్పీకర్ దగ్గరనుంచి 22 కిలో ఓంల రెసిస్టర్ ద్వారా కొంత సిగ్నలు వెనక్కి, 12ఏఎక్స్7 రెండో కాథోడ్‌కి వస్తుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్. శబ్దాన్ని శుభ్రం చెయ్యడం దాని పని. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు రెండూ అటుదిటు అయితే తగ్గించాల్సింది పెంచుతుంది, యాంప్ తనకు తానే అరుస్తుంది. కెపాసిటర్ కాలు ఊడి ఉన్నంతసేపూ ఆ దారి తెగి ఉంది కాబట్టి అరుపు లేదు. మొదటి తప్పు సరిచేశాక రెండో తప్పు బయటపడింది. వాల్యూము నాబ్ ఈ దారికి ముందే ఉంది, అందుకే తిప్పినా లాభం లేదు. ఆ 22 కిలో ఓంల రెసిస్టర్ ఒక కాలు విప్పి చూడండి. అరుపు ఆగి, గిటార్ మామూలుగా పలికితే రోగం తెలిసినట్టే. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు, ప్లేటుకి వెళ్లేదీ సరఫరాకి వెళ్లేదీ, ఒకదాని చోట ఇంకోటి పెట్టండి. రెసిస్టర్ మళ్లీ అతికించండి. అయిపోయింది. కొత్తగా కట్టిన యాంప్‌కి ఇది తప్పు అని కూడా అనక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ వైర్ల రంగులు ఒక్కొక్క తయారీదారుడివి ఒక్కొక్క రకం. సగానికి సగం అవకాశం.

ఇక హమ్ము. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, అందరి గొడవా ఇదే. బొయ్యిమంటోంది అంటారు. ఏ శ్రుతిలో? దానికి మీటరు అక్కర్లేదు, చేతిలో గిటార్ ఉంది. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు. 5వై3 దాన్ని రెండు వైపులా సరిచేస్తుంది కాబట్టి సరఫరాలో మిగిలిపోయే అల 100. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర మీటితే వచ్చే జీ స్వరం 98. హమ్ము ఆ స్వరంతో దాదాపు కలిసిపోతే అది సరఫరా నుంచి వస్తోంది, ఫిల్టర్ కెపాసిటర్లు చూడండి. దానికి ఒక స్థాయి కింద, లోతుగా ఉంటే 50. అది హీటరు వైర్ల నుంచి, లేదా గ్రిడ్డు వైరు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి వెళ్తూ పట్టుకొస్తోంది. అమెరికావాళ్లు 60, 120 అని రాస్తారు, వాళ్ల కరెంటు 60 సైకిళ్లది. అక్కడి సలహా చదివి ఇక్కడ శ్రుతి చూస్తే కుదరదు. ఇంకోమాట, 8 అంగుళాల స్పీకర్ 50ని సరిగ్గా పలకలేదు. అందుకని 50 హమ్ము ఉన్నా పైన గరగరలాడే భాగమే వినిపించొచ్చు. చెవిని పూర్తిగా నమ్మక్కర్లేదు, కానీ మొదలుపెట్టడానికి చాలు.

తర్వాత చోటు పట్టుకోవాలి. వాల్యూము సున్నా చెయ్యండి. హమ్ము తగ్గితే అది నాబ్‌కి ముందున్నది. తగ్గలేదంటే నాబ్ తర్వాతది. ఇప్పుడు 12ఏఎక్స్7 పీకేయండి. ఈ యాంప్‌లో పవర్ వాల్వుకి కాథోడ్ బయాస్, అంటే కాథోడ్ కింది రెసిస్టరే దాని కరెంటుని అదుపులో ఉంచుతుంది కాబట్టి పరవాలేదు. ఇంకా ఉంటే 6వీ6 దగ్గరో, సరఫరాలోనో ఉంది. మూడు పనుల్లో యాంప్‌ని మూడు ముక్కలు చేశారు, ఒక్క వస్తువూ మార్చలేదు.

హీటరు సంగతి చెప్పి ముందుకు పోతాను. హీటరు వైర్లు రెండూ గట్టిగా మెలిపెట్టి, ఛాసిస్ మూలకు ఆనించి తీసుకెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో 6.3 వోల్టుల చుట్టకి మధ్య ట్యాప్, అంటే సరిగ్గా మధ్యలోంచి తీసిన వైరు, లేకపోతే రెండు 100 ఓంల రెసిస్టర్లతో మధ్య బిందువు తయారుచేసుకోండి. ఆ బిందువుని ఛాసిస్‌కి కాకుండా 6వీ6 కాథోడ్‌కి కలిపితే, అక్కడున్న 19 వోల్టుల వల్ల హీటరు నుంచి 12ఏఎక్స్7 కాథోడ్‌కి కారే హమ్ము చాలావరకు ఆగిపోతుంది. ఖర్చు రెండు రెసిస్టర్లు.

అయినా కొంత హమ్ము మిగులుతుంది. ఇందులో ఒకే పవర్ వాల్వు. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పెద్ద యాంపుల్లో సరఫరా అల ట్రాన్స్‌ఫార్మర్లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. తగ్గించాలంటే స్క్రీను దగ్గరున్న రెండో కెపాసిటర్ని పెంచండి. ఇలాంటి వాల్వులో ప్లేటు వోల్టేజి కదిలితే కరెంటు అంతగా కదలదు, స్క్రీను కదిలితే బాగా కదులుతుంది. మొదటి కెపాసిటర్ని మాత్రం ఇష్టమొచ్చినట్టు పెంచకండి, 5వై3 సున్నితమైన వాల్వు.

(సభలో ఒకరు: సార్, నా దాంట్లో పవర్ వాల్వు లోపల రేకు ఎర్రగా అవుతోంది. వాల్వు మార్చాను, మళ్లీ అంతే.)

వెంటనే ఆపెయ్యాలి బాబూ, చూస్తూ కూర్చోకూడదు. కాథోడ్ దగ్గర ఎంత ఉంది? చూడలేదా? సరే. 470 ఓంల మీద 19 వోల్టులు ఉంటే 40 మిల్లీయాంపులు. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 320 అనుకుంటే దాదాపు 13 వాట్లు, అందులో స్క్రీను వాటా కొంత తీసెయ్యండి. 6వీ6 ప్లేటుకి హద్దుగా పాత పుస్తకాలు 12 వాట్లు, తర్వాతివి 14 దాకా ఇచ్చాయి. అంటే సరిగ్గా కట్టినా ఇది అంచు మీదే నడుస్తుంది. నీ దాంట్లో కాథోడ్ దగ్గర ఏ నాలుగైదు వోల్టులో ఉంటే, 470 బదులు 47 ఓంలు పడిందేమో చూడు. నాలుగు గీతల రెసిస్టరైతే పసుపు, ఊదా తర్వాత గోధుమరంగు ఉండాలి, నలుపు కాదు. కొత్త మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ల మీద రంగులు ట్యూబులైటు కింద సరిగ్గా తెలియవు. పెట్టేముందు ప్రతిదీ మీటరుతో కొలువు. ఆ పక్కనున్న కెపాసిటర్ తిరగేసి పెట్టినా కాథోడ్ వోల్టేజి పడిపోతుంది.

కాథోడ్ దగ్గర ఇరవై అయిదు, ముప్ఫయి ఉందా? అప్పుడు గ్రిడ్డు మీద, పిన్ 5 దగ్గర, డీసీ చూడు. సున్నా ఉండాలి. పాజిటివ్ ఉంటే రెండే దారులు. 6వీ6 పీకి మళ్లీ కొలువు. వాల్వు లేకపోయినా వోల్టేజి ఉంటే ఆ 0.02 కెపాసిటర్ లీకు. వాల్వు తియ్యగానే పోతే వాల్వుదే తప్పు. అయితే 6వీ6 లేకుండా ఎక్కువసేపు ఉంచకు. లోడు తగ్గి సరఫరా 450 దాకా ఎక్కుతుంది, 450 వోల్టుల కెపాసిటర్లు పెట్టి ఉంటే అంచు మీద ఉంటాయి. అందుకే నేను 500వి పెడతాను.

(ఇంకొకరు: బయటి దేశం నుంచి కిట్టు తెప్పించాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద 220 అని ఉంది. పరవాలేదా?)

మీ ఇంట్లో సాయంత్రం ఎంత వస్తుందో ముందు కొలవండి. 240 వస్తే తొమ్మిది శాతం ఎక్కువ. హీటరు 6.3 బదులు 6.9 అవుతుంది, అది పైహద్దు. హై వోల్టేజి కూడా అంతే పెరుగుతుంది. 240 ట్యాప్ ఉంటే దానికే కలపండి. 120 వోల్టులది మాత్రమే ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ని పక్కన పెట్టి 230ది చుట్టించుకోండి. 120 దాన్ని గోడకి పెడితే ఎన్ని సెకన్లు బతుకుతుందో నేను చెప్పను.

చివరగా ఒక పనిముట్టు. చీపురు పుల్ల కాదు గానీ దానికి అన్నయ్య, ఎండిన వెదురు పుల్ల, జానెడు పొడవు. చటపటలూ, ఆగి ఆగి వచ్చే శబ్దాలూ మీటరుకి దొరకవు. యాంప్ నడుస్తుండగా ఈ పుల్లతో ఒక్కొక్క సోల్డరునీ, వైరునీ, మెల్లగా నొక్కండి. ఎక్కడ నొక్కితే శబ్దం మారుతుందో అక్కడ సోల్డర్ పట్టలేదు. వైరుని పక్కకి జరిపితే హమ్ము తగ్గిందా, ఆ వైరుని అక్కడే ఉంచెయ్యండి. 12ఏఎక్స్7 గాజుని తడితే స్పీకర్లో గంట కొట్టినట్టు మోగితే ఆ వాల్వు మైక్రోఫోనిక్, ఇదొక్కటి మాత్రం నిజంగా వస్తువు తప్పే, మార్చండి. పుల్ల పొడిగా ఉండాలి, వేళ్లు చివర ఉండాలి, ఇంకో చెయ్యి జేబులోనే.

(ఇంకో ప్రశ్న: విడిభాగాలు ఎక్కడ, సార్?)

రెసిస్టర్లు, మామూలు కెపాసిటర్లు, స్పీకర్లు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. ఎక్కువ వోల్టేజి కెపాసిటర్లు కొనేటప్పుడు మీద రాసింది చదివి తీసుకోండి, షాపువాడి మాట మీద వద్దు. వాల్వులు ఇప్పుడు స్లొవేకియాలో జేజే వాళ్లు చేస్తున్నారు, రష్యానుంచీ వస్తాయి, తెప్పించుకోవాల్సిందే. పాత రేడియోల్లోంచి తీసిన 6వీ6 దొరికితే వదలకండి, కాకపోతే కాథోడ్ వోల్టేజి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఎర్ర రేకు అబ్బాయి, నీ యాంప్ తెచ్చావా? బల్ల మీద పెట్టు. ఎవరైనా ఆ సిరీస్ బోర్డు ఇటు జరపండి.